తిరుమల మెట్లెక్కిన కాళ్ళతో కూలిన్ శిఖరాలకు

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి తిరుమల చేరిన అలవాటున్నవారికి స్కాట్లండ్‌లో స్కై ద్వీపం మీది బ్లాక్ కూలిన్ పర్వతశ్రేణి మొదట చిన్నదిగానే తోస్తుంది. అందులో అన్నిటికన్నా ఎత్తయిన స్గుర్ అలస్డేర్ 992 మీటర్లే. మన హార్స్‌లీ కొండలే అంతకన్నా ఎత్తు. అయితే సుమారు 12 కిలోమీటర్ల ఆ శిఖరాల వరుసలో చాలాచోట్ల నడిచే బాట ఉండదు, చేతులు ఆనించి ఎగబాకవలసిందే. మోకాళ్ళ పర్వతం దగ్గర మొక్కుకొని మోకాళ్ళ మీద ఎక్కుతాము. కూలిన్‌లో గత్యంతరం లేక చేతులూ మోకాళ్ళూ ఆనించి ఎక్కుతాము.

ముందుగా రాయిని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. కూలిన్‌లో ఎక్కువ భాగం గాబ్రో అనే రాయి. చిత్తూరు గ్రానైట్‌లాగే భూమి లోపల నిదానంగా చల్లారిన గరుకు రాయి కనుక తడిలోనూ బూటు జారదు, కానీ పూట గడిచేసరికి వేలికొనల చర్మం అరిగిపోతుంది. దాని మధ్య చారలుగా చొచ్చుకొచ్చిన బసాల్ట్ అనే మరో రాయి నున్నగా ఉండి, వాన పడితే పాచిపట్టిన కోనేటి మెట్టులా జారుతుంది. చిక్కేమిటంటే, బసాల్ట్ త్వరగా అరిగి మెట్లలాగా, సందుల్లాగా ఏర్పడుతుంది కాబట్టి సులువైన దారి అదేనని కన్ను మోసపోతుంది.

పట్టు ఏదైనా బరువు మోపే ముందు, సంతలో కుండను కొనేటప్పుడు తట్టి చూసినట్టు, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో కొట్టి చూడాలి. డొల్ల శబ్దం వచ్చినా, రాయి కాస్త కదిలినా దానిని వదిలేయాలి. రెండు చేతులు, రెండు కాళ్ళలో ఒక్కసారికి ఒక్కదానినే కదిపి, మిగిలిన మూడింటినీ రాతికి ఆనించి ఉంచాలి. బరువు కాళ్ళ మీదే ఉండాలి, చేతులు తూకం నిలపడానికి మాత్రమే.

ఈ సాధనకు మన చుట్టుపక్కల గ్రానైట్ గుండ్లు చాలు. నడుమెత్తు మించని బండ మీద ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువసార్లు, రాతివైపు తిరిగి చేయాలి. నా అనుభవంలో మనవాళ్ళు తడబడేది అక్కడే. శేషాచలం అడవిలోకి మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు.

ప్రయాణానికి మే, జూన్ నెలలు మేలు. పగలు బాగా పొడవు. తిరుపతి ఎండలు మనసులో పెట్టుకొని ఉన్ని దుస్తులు, వానకోటు మానవద్దు. అక్కడి రాతిలోని అయస్కాంత గుణం వల్ల దిక్సూచి తప్పు చూపగలదు, అందుచేత మబ్బు కమ్మే సూచన కనిపించగానే వచ్చిన దారినే వెనుదిరగాలి. మొదటి శిఖరంగా స్లిగాఖన్ నుంచి బ్రూఆఖ్ నా ఫ్రీహా, 958 మీటర్లు, ఎంచుకోవడం ఉత్తమం. పొడి వాతావరణంలో దాదాపు నడకతోనే ముగుస్తుంది. 1880లో పిల్కింగ్టన్ సోదరులు మొదటిసారి ఎక్కిన, ఇదే శ్రేణిలోని ఇన్‌యాక్సెసిబుల్ పినకిల్ అనే నిటారు రాతి శిఖరాన్ని తూర్పు అంచున ఎక్కి, పడమటివైపు తాడుతో దిగాలి కాబట్టి, తాడు పని రానివారు స్థానిక గైడ్ లేకుండా దాని జోలికి పోకూడదు.