పాత పికప్ బండిలో ఆయిల్ ప్రెషర్ తగ్గితే

ఆయిల్ దీపం వెలిగిన వెంటనే ఇంజన్ ఆపివేయాలి. ఊరు దాకా పోనిద్దామనుకుంటే బేరింగులు పట్టేస్తాయి. బండిని చదునైన చోట నిలిపి, పది నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తుడిచి మళ్లీ ముంచి చూడాలి. మట్టం సరిగానే ఉన్నా, ఆయిల్ నీళ్లలా పలచబడి డీజిల్ వాసన వేస్తుంటే, ఇంజెక్టర్ కారి డీజిల్ అందులో కలుస్తోందేమోనని అనుమానించాలి.

వెంటనే ఇంజన్ విప్పడానికి సిద్ధపడకూడదు. పాత బండ్లలో ఆ దీపాన్ని వెలిగించే ప్రెషర్ స్విచ్చే చెడిపోయి అబద్ధం చెప్పడం మామూలే కనుక, దాన్ని తీసి అదే రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక కొలవాలి. ఇంజన్ వేగంలో ప్రతి 1,000 ఆర్‌పీఎంకు (నిమిషానికి తిరిగే చుట్లు) ప్రెషర్ సుమారు 10 పీఎస్‌ఐ ఉండాలన్నది మెకానిక్కుల మోటు లెక్క. తుది మాట బండి మాన్యువల్‌దే. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) గేజ్ ముల్లు పడిపోతుంటే బేరింగులు గానీ ఆయిల్ పంపు గానీ అరిగి ఉండవచ్చు. అప్పుడు ఫిల్టరును కోసి, కాగితం మడతల్లో బేరింగుల అరుగుదలకు గుర్తయిన రాగి రంగు పొడి మెరుస్తోందేమో చూడాలి. ఎప్పుడూ తక్కువే చూపితే ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ను వదిలే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందేమో, సంపులోని (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) జాలీ మడ్డితో పూడుకుపోయిందేమో పరీక్షించాలి. చిక్కటి ఆయిల్ పోస్తే ముల్లు లేస్తుంది గానీ, అరుగుదల అలాగే ఉంటుంది.