ఇంటి సోలార్‌కు బ్యాటరీ: కొనేముందు వేసుకోవలసిన లెక్క

డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించుకున్న తర్వాత కూడా కరెంటు పోగానే ఫ్యాన్లు ఆగిపోవడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. లైను మీద పనిచేసే సిబ్బందికి ప్రమాదం కలగకూడదు కనుక, సరఫరా ఆగిన వెంటనే, ప్యానెళ్ల కరెంటును ఇంటి వాడకానికి తగినట్టు మార్చి కరెంటు లైనుతో (గ్రిడ్‌తో) కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది; ఎండ మండిపోతున్నా ఆ కాసేపు ప్యానెళ్ల నుంచి ఇంట్లోకి ఏమీ రాదు. ఈ లోటును తీర్చేవి గ్రిడ్‌తోనూ బ్యాటరీతోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి జోడించే బ్యాటరీ.

ముందుగా బ్యాటరీ దేనికోసమో తేల్చుకోవాలి. నెట్ మీటరింగ్ ఉన్న ఇంట్లో పగలు మిగిలిన యూనిట్లు డిస్కం లెక్కలో జమై, రాత్రి వాడకంలో తీసివేతకు వస్తాయి. అవే యూనిట్లను బ్యాటరీలో దాచి తిరిగి తీసుకుంటే పదో వంతు, ఒక్కోసారి అంతకు మించి దారిలోనే పోతాయి. అందువల్ల బిల్లు తగ్గుతుందన్న ఆశతో మాత్రమే బ్యాటరీ కొనవద్దని గట్టిగా చెబుతాను. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ తర్వాత దరఖాస్తు చేసినవారికి గ్రిడ్‌కు ఇచ్చే కరెంటు ధరను బాగా తగ్గించారు కాబట్టే అక్కడ బ్యాటరీలకు గిరాకీ పెరిగింది. మన దగ్గర కోతలే అసలు కారణం కావాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు, ఆపైన ఎంత పెట్టుకున్నా 78,000 రూపాయల రాయితీ వస్తుంది గాని, అది ప్యానెళ్ల సామర్థ్యాన్ని బట్టి ఇచ్చేదే తప్ప బ్యాటరీకి వర్తించదు.

ఇప్పుడు కాగితం తీసుకుని, కరెంటు లేనప్పుడు తప్పనిసరిగా నడవవలసిన వాటిని రాయండి. పాత రకం ఫ్యాన్లు మూడు 225 వాట్లు, ఎల్‌ఈడీ బల్బులు నాలుగు 36, వైఫై 10, ఫ్రిజ్ సగటున 50 అనుకుంటే దాదాపు 320 వాట్లు అవుతాయి. దీనికి హైబ్రిడ్ ఇన్వర్టర్ తనకోసం వాడుకునే కరెంటును కలపడం చాలామంది మరిచిపోతారు. వెయ్యి వాట్లు గంటసేపు నడిస్తే ఒక యూనిట్ కనుక, అది 50 వాట్లు ఉన్నా రోజుకు 1.2 యూనిట్లు అవుతుంది. మొత్తం 370 వాట్ల చొప్పున ఆరు గంటల కోతకు సుమారు 2.2 యూనిట్లు కావాలి.

బ్యాటరీ మీద రాసిన అంకె అంతా చేతికి రాదు. 51.2 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, ఈ రెండంకెలనూ గుణిస్తే, పేరుకు 5.12 యూనిట్లదే అయినా, ఎనభై శాతం వరకే వాడి, ఇన్వర్టర్ నష్టాన్ని తీసేస్తే 3.7 యూనిట్ల దగ్గర ఆగుతుంది. పైన చెప్పిన ఇల్లు దానితో పది గంటలు గడుస్తుంది. అదే ఇంట్లో గంటకు ఒక యూనిట్ తాగే ఏసీ వేస్తే మూడు గంటలు కూడా నిలవదు. 12 వోల్టుల, 150 ఏహెచ్ ట్యూబులర్ (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ 1.8 యూనిట్లది, ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడుకోవాలి. బోరు మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి, దాన్ని బ్యాటరీ మీద నడిచే బ్యాకప్ లైనులో కలపవద్దని ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పాలి.

మన ప్రాంతంలో బ్యాటరీకి అసలు శత్రువు వేడి. కంపెనీలు చెప్పే ఆయుష్షు సాధారణంగా 25 డిగ్రీల లెక్క మీద ఉంటుంది. ఆపైన ప్రతి పది డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. వైరు ఆదా అవుతుందని డాబా మీది మెట్ల గదిలో పెట్టమని పనివాళ్లు సలహా ఇస్తారు. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఆ గది తలుపు తీసి నిలబడితే, ఆ సలహా ఎందుకు పనికిరాదో ఒంటికే తెలుస్తుంది. వైరుకు కొంత ఎక్కువ ఖర్చయినా కింది అంతస్తులో, పడమటి ఎండ తగలని, గాలి ఆడే గోడ పక్కన పెట్టించండి. లెడ్ యాసిడ్ అయితే ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వెలువడుతుంది కనుక పడకగదిలో అసలే వద్దు.

వారంటీ కాగితంలో ఏళ్లతో పాటు, గడువు నాటికి ఎంత శాతం సామర్థ్యం మిగలాలో, మొత్తం ఎన్ని యూనిట్లు వాడేవరకు హామీ వర్తిస్తుందో చదవాలి. ఏళ్లు, యూనిట్లు, ఈ రెండింటిలో ఏది ముందు ముగిస్తే వారంటీ అక్కడితో సరి.

బిగించిన రోజు సాయంత్రమే, పనివాళ్లు ఉండగానే, బ్యాటరీ నిండాక మెయిన్ స్విచ్ ఆపించి, కాగితం మీద రాసుకున్నవన్నీ నడిపి చూడండి. బ్యాటరీ దానంతట అది ఆగేవరకు ఎన్ని యూనిట్లు ఇచ్చిందో ఇన్వర్టర్ యాప్‌లో చూసి తేదీతో సహా రాసిపెట్టుకోండి. ఏటా ఒకసారి ఇదే పరీక్ష చేస్తే, తగ్గుదల వారంటీ హద్దు దాటిన ఏడు మీ చేతిలో ఆధారం ఉంటుంది.