శిక్ష వేసిన తీర్పు చేతికొస్తే ఎలా చదవాలి

టీవీలో "ఫలానా కేసులో ఉరి" అని స్క్రోలింగ్ రాగానే "మంచి పనైంది" అనో "అన్యాయం" అనో అనేస్తాం. ఈసారి అలా అనే ముందు తీర్పు తెరవండి. సుప్రీంకోర్టు తీర్పయితే దాని వెబ్‌సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

ముందుగా తీర్పును మనసులో రెండు ముక్కలు చేసుకోండి. నేరం చేశాడా అన్నది ఒకటి, చేస్తే ఎంత శిక్ష అన్నది ఇంకొకటి. సెషన్స్ కోర్టు దోషి అని తేల్చాక కూడా శిక్ష గురించి అతని మాట విడిగా వినాలని చట్టమే చెబుతోంది: క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 235(2), దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 258(2). ఆ భాగం నాలుగు లైన్లలో ముగిసిపోయిందంటే, నా దృష్టిలో అక్కడే అనుమానపడాలి.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని, శిక్షకు చెప్పిన ప్రతి కారణం పక్కనా "వెనక్కి" అనో "ముందుకు" అనో రాయండి. చేసిన పనికి తగిన ఫలితం అనుభవించాల్సిందే అంటే జడ్జి వెనక్కి చూస్తున్నట్టు. జర్మన్ తత్వవేత్త కాంట్ వాదం ఇదే. మిగతావాళ్ళు భయపడాలి, ఇతను మళ్ళీ చేయకుండా ఆపాలి, మారే అవకాశం ఇవ్వాలి అంటే ముందుకు చూస్తున్నట్టు, ఇంగ్లిష్ తత్వవేత్త బెంథామ్ నడిచిన దారి అది.

సాధనకి 1977లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక మోసం కేసు, మహమ్మద్ గియాసుద్దీన్ కేసు, తీసుకోండి. ఉద్యోగాలు ఇప్పిస్తానని యువకుల దగ్గర డబ్బు గుంజిన మనిషికి మూడేళ్ళ శిక్ష పడింది. జస్టిస్ కృష్ణయ్యర్ నేరం జరగలేదనలేదు, శిక్షను మాత్రం 18 నెలలకు తగ్గించి, జైల్లో అతనికి యాంత్రికమైన చాకిరీ కాకుండా బుర్రకు పదునుపెట్టే పని ఇవ్వాలన్నారు. పేజీ అంతా "ముందుకు" అనే గుర్తులతో నిండిపోతుంది! మోసపోయినవాళ్ళకు ఏం దక్కింది అన్న ప్రశ్న మీకు వస్తే దాన్నీ పక్కనే రాసుకోండి, అది న్యాయమైన ప్రశ్నే.

ఉరిశిక్ష కేసుల్లో ఇంకాస్త నిదానంగా చదవాలి. 1980లో బచన్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం యావజ్జీవమే మామూలు శిక్ష, అత్యంత అరుదైన కేసుల్లోనే ఉరి అంది. నేరం ఎంత ఘోరమో చూస్తే చాలదు, చేసిన మనిషినీ చూడాలంది. అందుకని తీర్పులో అతని వయసు, బతికిన పరిస్థితులు, మారే అవకాశం గురించి ఏం రాశారో వెతకండి. అవేమీ లేకుండా "సమాజ అంతరాత్మ తల్లడిల్లింది" అన్న మాటతోనే ఉరి ఖాయమైతే ఆగండి. 1983 నాటి మచ్ఛీ సింగ్ తీర్పు నుంచి ఈ మాట బాగా వాడుకలోకి వచ్చింది. జనం కోపం నిజమే కావచ్చు, కానీ దాన్ని కోర్టు దేనితో కొలిచింది? జనం ఎంత రగిలిపోతే అంత శిక్ష అనే లెక్క నాకు భయం పుట్టిస్తుంది, ఎందుకంటే ఏ కేసు టీవీకి ఎక్కుతుందో ముద్దాయి చేతిలో ఉండదు.

"గట్టి శిక్ష పడితే నేరాలు తగ్గుతాయి" అన్న వాక్యం కనిపిస్తే ఆధారం చూపారా అని చూడండి. శిక్ష ఎంత కఠినం అన్నదానికంటే తప్పకుండా పడుతుందన్న నమ్మకమే నేరాలను ఆపుతుందని ఇటలీ ఆలోచనాపరుడు బెకారియా 1764లోనే వాదించాడు.

ఇదంతా టెన్షన్‌గా అనిపిస్తే చిన్న కేసుతో మొదలుపెట్టండి. ఏ నేరానికి ఏ శిక్షో చెప్పే ఇప్పటి చట్టం బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 303(2) ప్రకారం ఐదు వేల రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవ. దాని పక్కన మీరు ఏ గుర్తు పెడతారు?