ఎం.ప్లాన్‌లో చేరాలనుకుంటే

సివిల్ బీటెక్ చేసి సిటీ ప్లానింగ్‌లో పీజీ, అంటే ఎం.ప్లాన్ వైపు చూస్తున్నారా? కోచింగ్ సంగతి తర్వాత, ముందు ఒక ఆదివారం విజయవాడ సింగ్ నగర్ వెళ్లండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడిగితే, ఎవరైనా గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఏ సందు పల్లంలో ఉంది, మురుగు ఎటు పోతోంది, ఎవరు ఇల్లు మెరక చేసుకున్నారు, ఆ నీళ్లు ఎవరింట్లోకి మళ్లాయి, అన్నీ కాగితం మీద గీయండి. సగం సిలబస్ అక్కడే అర్థమవుతుంది. తర్వాత క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించండి, అది ఉచితమే.

ఇక ఎంట్రన్స్ పరీక్ష గేట్. ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్‌లో ఉమ్మడి భాగం అయ్యాక ప్లానింగ్ భాగం ఎంచుకోండి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి టెన్షన్ వద్దు. సీట్లు ఆ స్కోరును బట్టి సీసీఎంటీ అనే ఉమ్మడి కౌన్సెలింగ్‌లో ఇస్తారు.

మన విజయవాడలోనే 2008లో మొదలైన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ (ఎస్‌పీఏ) ఉంది. అందులో అర్బన్ అండ్ రీజనల్, ఎన్విరాన్‌మెంటల్, ట్రాన్స్‌పోర్టేషన్ ప్లానింగ్ ఉన్నాయి. కాలవలు, చెత్త, వరదలు మీకు పడితే నా ఓటు ఎన్విరాన్‌మెంటల్‌కే. ఇంట్లో 'సాఫ్ట్‌వేర్ వదిలేసి ఇదేంట్రా' అంటారు. అననివ్వండి. ఆప్షన్లు మాత్రం ర్యాంకు చూసి కాదు, ఇష్టం చూసి పెట్టుకోండి.