సర్వీసు చేయించిన బండి దారిలో ఆగిందా? ముందు ఎవరినీ విప్పనివ్వకండి

సంక్రాంతి దగ్గర పడుతోంది. హైదరాబాద్ నుంచి ఊళ్ళకు బయల్దేరే కార్లన్నీ ఈ రోజుల్లోనే షెడ్డులకు చేరతాయి. మెకానిక్కుకి ఊపిరాడదు, పనిచేసే కుర్రాళ్ళకు నిద్ర ఉండదు, మనకు మాత్రం సాయంత్రానికల్లా బండి కావాలి. తప్పులు జరిగేది ఇప్పుడే.

మొన్న మా బావమరిది స్నేహితుడి కారు సూర్యాపేట దాటాక ఉడికిపోయింది. అంతకు ముందు రోజే వాటర్ పంపు మార్పించి, ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, పోయించాడు. కూలెంట్ పోశాక లైన్లో గాలి తీయకపోతే అది సరిగ్గా తిరగదు. ఇంజిన్ కాలుతుంది, ఇంజిన్ పైమూత లాంటి హెడ్ వంగుతుంది, దాని కింద లీకు కాకుండా ఆపే గాస్కెట్ పోతుంది. ఇక్కడా అదే జరిగిందని నా అనుమానం. అనుమానం దగ్గరే ఆగాలి, ఎందుకంటే ఇక ఎవరూ తేల్చలేరు. రోడ్డు పక్క షెడ్డులో అప్పటికప్పుడు హెడ్ విప్పించాడు, కొత్త గాస్కెట్ వేయించాడు, పాత సామాను అక్కడే వదిలేసి ఊరెళ్ళాడు. తిరిగొచ్చి మొదటి షెడ్డులో నిలదీస్తే ఆ యజమాని తాపీగా, “మేం పంపినప్పుడు బాగానే ఉంది సార్. మధ్యలో ఎవరో విప్పారు కదా, వాళ్ళనే అడగండి” అన్నాడట. దానికి ఇతని దగ్గర జవాబు లేదు.

నేను మోటారు సర్వేయర్‌ని, బండికి జరిగిన నష్టాన్ని చూసి లెక్కగట్టేవాణ్ని. ఇన్సూరెన్స్ పనితో పాటు వినియోగదారుల కమిషన్‌లో నడిచే కేసులకూ రిపోర్టులు రాస్తుంటాను. బిల్లు తీసుకోండి, తెలిసిన చోటికి వెళ్ళండి లాంటివి మీకూ తెలుసు, వాటి జోలికి పోను. నేను చూసిన కేసుల్లో నిజంగా నష్టపోయినవాళ్ళే ఓడిపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒక్కటే: మొదటి షెడ్డుకు చెప్పకుండా, ఎవరి చేతా రిపోర్టు రాయించకుండా, రెండో షెడ్డులో బండి విప్పించడం.

ఎందుకంత ముఖ్యమో చెప్తాను. పనిలో లోపం ఉందని రుజువు చేయాల్సింది ఫిర్యాదు చేసినవాళ్ళే అని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో స్పష్టంగా చెప్పింది. తాను పని బాగా చేశానని షెడ్డువాడు ముందుగా నిరూపించుకోనక్కర్లేదు. మీ దగ్గరున్న అసలు సాక్ష్యం ఆ ఇంజిన్, ఆ పాడైన సామాను, అవి పాడైన తీరు. వాటిని విప్పేసి, కడిగేసి, కొత్తవి బిగించాక రిపోర్టు రాయమని నా దగ్గరికి వస్తే అది దహనం అయ్యాక పోస్టుమార్టం అడిగినట్టే. నేను రాయగలిగేది “ప్రస్తుతం బండి నడుస్తోంది” అని మాత్రమే.

బండి ఇచ్చేటప్పుడు

జాబ్ కార్డు మీద, అంటే చేయాల్సిన పని షెడ్డువాళ్ళు రాసుకునే కాగితం మీద, మీరు చెప్పిన ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. “జనరల్ చెకప్” అని రాస్తే ఒప్పుకోవద్దు. “మూడో గేరులో శబ్దం”, “బ్రేకు తొక్కితే ఎడమకు లాగుతోంది” అని ఉండాలి. రేపు అదే శబ్దంతో అదే బండి ఆగితే, మీరు అడిగిందే వాళ్ళు చేయలేదని ఆ ఒక్క వాక్యం చెబుతుంది. షెడ్డులో జాబ్ కార్డు లేకపోతే వాట్సాప్‌లో మీరే రాసి పంపి, “సరే సార్” అనిపించుకోండి. చాలు.

కిలోమీటర్ల రీడింగ్ ఫొటో ఇచ్చేటప్పుడు ఒకటి, తెచ్చుకునేటప్పుడు ఒకటి.

మార్చిన పాత సామాను ఇవ్వమని ముందే చెప్పండి. వారంటీలోనో ఇన్సూరెన్స్‌లోనో మారిస్తే కంపెనీ వాటిని తీసుకుంటుంది, అప్పుడు కనీసం నంబరు కనిపించేలా ఫొటో తీసుకోండి. డబ్బు మీది అయితే సామానూ మీదే.

బండి ఆగాక

ఉష్ణోగ్రత ముల్లు ఎరుపులోకి వెళ్ళిందా, ఆయిల్ లైటు వెలిగిందా, అక్కడే ఆపండి. “ఇంకో పది కిలోమీటర్లేగా” అని లాగించినవాళ్ళ ఇంజిన్లు లోపల పట్టేసి సీజ్ అయ్యాయి. అది వాహనానికే కాదు, కేసుకూ నష్టం. నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత మీ మీదా ఉంటుంది, నడిపింది మీరే కాబట్టి పాడుచేసిందీ మీరేనని అవతలి వకీలు వాదిస్తాడు.

తర్వాత బండిని టోయింగ్‌లో ఇంటికో, తెలిసినవాళ్ళ ఆవరణలోకో తెప్పించండి. షెడ్డుకు కాదు. షెడ్డులో పెడితే ఎవరో ఒకరు బానెట్ ఎత్తి చెయ్యి పెడతారు, ఆపలేరు.

అదే రోజు మొదటి షెడ్డుకు రాతపూర్వకంగా పంపండి: ఫలానా తేదీన ఫలానా పని చేశారు, ఇన్ని కిలోమీటర్లు తిరిగాక ఇలా ఆగింది, బండి ఫలానా చోట ఉంది, ఈ రెండు తేదీల్లో ఏదో ఒక రోజు వచ్చి చూసుకోండి, రాకపోతే వేరేవాళ్ళతో పరీక్ష చేయించి ఖర్చు మీ దగ్గరే అడుగుతాను. వాట్సాప్‌లో పంపాక స్పీడ్‌పోస్టులోనూ పంపండి, రసీదు దాచండి. వాళ్ళు రాకపోయినా ఫర్వాలేదు. పిలిచినా రాలేదన్నది మీకే బలం.

పరీక్షకు లైసెన్సున్న సర్వేయర్‌నో, ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ విభాగం లెక్చరర్‌నో పిలవండి. వాళ్ళ ముందే, వీడియో తీస్తూ విప్పించండి. ఏది ఎలా ఉందో, ఎందుకలా అయిందో కారణంతో సహా రాసివ్వమనండి. “గాస్కెట్ పాడైంది” అన్న రిపోర్టు దేనికీ పనికిరాదు. అది ఎందుకు పాడైంది, మొదటి షెడ్డు చేసిన పనికీ దీనికీ సంబంధం ఏమిటి అన్నదే కావాలి. ఇందుకు కొంత ఖర్చవుతుంది. హెడ్ బిల్లుతో పోలిస్తే చిన్నదే.

ట్యాక్సీ నడుపుకునేవాళ్ళు ఇంతసేపు ఆగలేరు, నాకు తెలుసు. బండి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. అలాంటప్పుడు కనీసం ఈ నాలుగూ: మొదటి షెడ్డుకు మెసేజ్, విప్పక ముందు నుంచి బిగించే దాకా వీడియో, రెండో మెకానిక్ ఏం చూశాడో అతని బిల్లు పుస్తకంలోనే రాత, పాత సామాను సంచిలో మీ ఇంట్లో. సొంత జీవనోపాధికి బండి నడుపుకునేవాళ్ళూ వినియోగదారులే, చట్టం ఆ మాట చెప్పింది. “కమర్షియల్ బండి, నీకు కేసు వర్తించదు” అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

బ్రేకు పనిచేయక ప్రమాదమే జరిగి పోలీసు కేసయితే మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ బండిని చూస్తాడు. యాంత్రిక లోపం వల్ల ప్రమాదం జరగలేదు అని ఒక్క వాక్యం రాసి పెట్టే రిపోర్టులు చాలా చూశాను. ఆయన చూడక ముందే, ఫలానా రోజు బ్రేకు పని చేయించామని స్టేషన్‌లో రాసిచ్చి, ఆ బిల్లు ఇవ్వండి. రిపోర్టు నకలు అడిగి తీసుకోండి. ఆ తర్వాత కూడా, రిపోర్టు చేతికొచ్చేదాకా, బండి విప్పించకండి.

డబ్బు దగ్గర

పని నచ్చలేదని బిల్లు కట్టకుండా బండి లాక్కొస్తామంటే కుదరదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, పని చేసినవాడికి తన కూలి అందేదాకా బండిని ఆపుకునే హక్కుంది. కాబట్టి కట్టండి. కడుతూనే బిల్లు మీద “అభ్యంతరంతో చెల్లిస్తున్నాను” అని రాసి సంతకం పెట్టండి, ఫొటో తీసుకోండి. రాయనివ్వకపోతే గేటు దాటగానే అదే మాట మెసేజ్ పెట్టండి.

చెక్కు ఇచ్చి, దానికి డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకు స్టాప్ పేమెంట్ పెట్టకండి. చెక్కు బౌన్స్ కేసు మీ మీద పడుతుంది, ఫిర్యాదుదారు కాస్తా ముద్దాయి అవుతారు.

ఫోన్‌పే చేస్తే షాపు ఖాతాకే చేయండి, కుర్రాడి నంబరుకు కాదు.

బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. ఆ మాట షెడ్డులో ఒక్కసారి అని చూడండి, పుస్తకం బయటికొస్తుంది.

కమిషన్‌కు వెళ్ళేముందు

1915కి ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. పెద్ద కంపెనీ సర్వీస్ సెంటర్లయితే ఇక్కడే దిగొచ్చేవి కొన్ని. వీధి చివరి షెడ్డును కదిలించడం కష్టం, పైగా ఆదేశాలిచ్చే అధికారం హెల్ప్‌లైన్‌కు లేదు. ఫిర్యాదు నంబరు రాసుకోండి, కాలం వృథా చేయకండి.

కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి గడువు 2 ఏళ్ళు. “మళ్ళీ తీసుకురండి సార్, చూద్దాం” అన్న మాటలతో గడువు పెరగదు. అవతలివాడు తెలిసే అంటాడు.

మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, బండి ఎక్కడ రిపేరైనా సరే. షెడ్డుకు మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే. వకీలు తప్పనిసరి కాదు. వినియోగదారుల కేసులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, అమెరికాలో ఉండి ఇక్కడ నాన్నగారి కారు బిల్లులు కట్టే పిల్లలకు ఇది ఉపయోగం, కాకపోతే కాగితాలన్నీ నాన్నగారి పేరు మీదే ఉంటాయి, ఫిర్యాదూ ఆయన పేరుతోనే వెయ్యండి.

అవతలివాడు నోటీసు అందాక 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15. అంతకు మించి కమిషన్ కూడా పొడిగించలేదు, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చింది. తేదీలు మీరూ లెక్కపెట్టండి.

కేసు 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో ముగియాలని చట్టం. నేను చూసినవి ఏళ్ళు నడిచాయి. అన్నేళ్ళూ పాత సామాను భద్రంగా ఉండాలి. నూనె తుడవకండి. కడగకండి. సంచి మీద తేదీ రాయండి.

ఇక వరసగా:

బోర్డు మీద పేరుతో కేసు వేయకండి, జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే యజమాని చట్టబద్ధమైన పేరు తెలుస్తుంది.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ రిపేరైతే, బండి నడిపి చూడకుండా పని బాగుందని ఒప్పుకునే సంతృప్తి వోచరు మీద సంతకం వద్దు.

“ఫుల్ అండ్ ఫైనల్” అన్న కాగితం మీద అసలే వద్దు.

సగం డబ్బు వెనక్కిస్తామంటే తీసుకోవచ్చు. దేనికోసమో రాయించుకుని తీసుకోండి.

సూపర్‌వైజర్ ఫోన్లో తప్పు ఒప్పుకుంటే అదే మాట మెసేజ్‌లో అడిగి రప్పించండి.

ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. వాట్సాప్ సందేశాలను సాక్ష్యంగా పెట్టాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ అడగవచ్చు, అసలు ఫోను ఉంటే పని సులువు.

గూగుల్ రివ్యూలో “దొంగ” అని రాయకండి. జరిగింది రాయండి.

బండిని నెలల తరబడి షెడ్డువాళ్ళ దగ్గరే వదిలేయకండి, పార్కింగ్ బిల్లు వేస్తారు, వానకు మిగతాదీ పోతుంది.

కోటి రూపాయలు అడగకండి. బిల్లు, టోయింగ్, రెండో రిపేరు, ఆ రోజుల క్యాబ్ ఖర్చు, మానసిక వేదనకు కొంత, కేసు ఖర్చులు. దేనికి దానికి కాగితం ఉండాలి.

గెలిచాక అవతలివాడు అప్పీలుకు వెళ్తే, కమిషన్ కట్టమన్న దాంట్లో సగం సొమ్ము అతనే ముందుగా డిపాజిట్ చేయాలి, భయపడకండి.

ఆదేశాన్ని ఖాతరు చేయకపోతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 72 కింద కేసు వెయ్యండి. నెల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

మెకానిక్ మీ చుట్టమైనా విప్పించకండి. “ఊరికే చూస్తాను” అన్నా విప్పించకండి. రాత్రయినా, పిల్లలు ఏడుస్తున్నా, బస్సెక్కి ఊరెళ్ళండి. తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి.