తెరచాప పాఠాలు – 4: నూలుపోగు మాట, పక్కవాడి మాట

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. ఒడ్డున నిలబెట్టిన పడవలో కూర్చుని, కళ్లు మూసుకుని, చేతికి తగిలిన తాడు ఏదో చెప్పాలి. చేసే ఉంటారు. చేయకపోతే ఈ పాఠం పక్కన పెట్టి ముందు అది చేయండి. మెయిన్‌షీట్ (వెనక పెద్ద తెరచాప తాడు) ఏదో జిబ్‌షీట్ (ముందు చిన్న తెరచాప తాడు) ఏదో చేతికి తెలియనివాళ్లకు ఇక్కడి నుంచి చెప్పేదేదీ నీళ్ల మీద ఉపయోగపడదు. ఇంకోసారి గుర్తుచేస్తున్నాను: షీట్ అంటే గుడ్డ కాదు, తాడు. మొదటి నెల అందరూ తడబడేది ఇక్కడే. నేనూ తడబడ్డాను.

ఈసారి మన పడవ ఎంటర్‌ప్రైజ్. 1956లో ఇంగ్లండ్‌లో జాక్ హోల్ట్ గీసిన డిజైన్. పొడవు నాలుగు మీటర్ల చిల్లర, తెరచాపలు రెండు, మనుషులు ఇద్దరు. వెనకవాడు చుక్కాని, మెయిన్‌షీట్ పట్టుకుంటాడు. ముందువాడి చేతిలో జిబ్‌షీట్. లేజర్ పడవలో అయితే ఒక్కరే, తిట్టుకున్నా మనల్ని మనమే తిట్టుకోవాలి. ఎంటర్‌ప్రైజ్‌లో తెరచాప సరిగ్గా ఉండాలంటే ఇద్దరి మధ్య మాట సరిగ్గా ఉండాలి. అందుకే రెండూ ఒకే పాఠంలో పెట్టాను.

హుస్సేన్‌సాగర్‌లో మనకు మంచి గాలి వానాకాలంలోనే, పడమర నుంచి. నెక్లెస్ రోడ్ మీదుగా వచ్చి ట్యాంక్‌బండ్ వైపు తోస్తుంది. సంజీవయ్య పార్కు జెండా చూసి గాలి అంచనా వేద్దామని కొత్తవాళ్లు అనుకుంటారు. ఆ స్తంభం ఎత్తు 291 అడుగులు. అక్కడ వీచే గాలి వేరు, మన మాస్ట్ (తెరచాప స్తంభం) కొనకు తగిలే గాలి వేరు. నీళ్లు చూడండి. ఉపరితలం మీద నల్లటి మచ్చ ఒకటి మన వైపు పాకుతూ వస్తుంటే అదే వచ్చే గాలి.

ఇక తెరచాప. మొదటి పాఠం నుంచీ చెబుతున్న మోటు సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ముందు అంచు రెపరెపలాడేదాకా వదలండి, రెపరెప ఆగేదాకా లాగండి, అక్కడితో ఆపండి. కొత్తవాళ్లు నూటికి తొంభైమంది లాగి లాగి బిగించేస్తారు. తెరచాప బిగుతుగా కనిపిస్తే పడవ పరిగెడుతోందని భ్రమ. నిజానికి అప్పుడు తెరచాప వెనకవైపు గాలి అంటుకోకుండా విడిపోతుంది. పడవ పక్కకు ఒరుగుతుంది కానీ ముందుకు పోదు. పైగా ఈ తప్పుకు చప్పుడు ఉండదు. వదులుగా ఉన్న తెరచాప పటపటలాడి చెబుతుంది, బిగిసిన తెరచాప నోరు మెదపదు. అందుకే నూలుపోగులు.

వీటిని టెల్‌టేల్స్ అంటారు. కొనక్కర్లేదు. ఊలుదారం ముక్కలు చాలు, ఒక్కోటి జానెడు. జిబ్ ముందు అంచు నుంచి జానెడు వెనక్కి జరిగి, రెండు వైపులా ఒకే ఎత్తులో చెరొకటి అంటించండి. కింద ఒక జత, మధ్యలో ఒకటి, పైన ఒకటి. ఒక వైపు ఎరుపు, రెండో వైపు ఆకుపచ్చ పెట్టుకుంటే గుడ్డలోంచి నీడ కనబడినా ఏది ఏ వైపుదో తెలుస్తుంది. కుట్టుకు దగ్గరగా అంటించకండి, పోగు కుట్టుదారానికి చిక్కుకుని అక్కడే ఉండిపోతుంది. వానలో ఊలు తడిసి గుడ్డకు అతుక్కుపోయే గొడవ ఎలాగూ ఉంది. మా పాతకాపులు దీనికి పాత ఆడియో క్యాసెట్ టేపు వాడతారు. అది తడిసినా ఒక్క విదిలింపుతో లేస్తుంది. ఇప్పుడు క్యాసెట్లు దొరకడమే కష్టం, అది వేరే సంగతి.

ఎదురుగాలికి ఏటవాలుగా వెళ్తున్నప్పుడు రెండు పోగులూ వెనక్కి సాఫీగా ఎగరాలి. గాలికి ఎగువ వైపున్న పోగు, అంటే మన కళ్లకు కనబడే వైపుది, పైకి లేచి గింజుకుంటే తెరచాప వదులుగా ఉందన్నమాట. దిగువ వైపు పోగు చచ్చినట్టు వేలాడినా, గిరగిరా తిరిగినా బిగుతెక్కువైంది. ఇంత గుర్తుపెట్టుకోలేకపోతే ఒక్క వాక్యం చాలు: ఏ పోగు పేచీ పెడుతుందో తెరచాపను ఆ పోగు వైపుకు జరపండి. ఎగువ పోగు పేచీ పెడితే లాగడం, దిగువ పోగు పెడితే వదలడం. తాడు ముట్టుకోకుండా చుక్కానితో సరిచేయాలన్నా అదే లెక్క, చుక్కాని కర్ర పేచీ పెట్టే పోగు వైపుకే. తాడు, కర్ర రెండూ ఒకేసారి కదిపారంటే మాత్రం దేనివల్ల బాగుపడిందో మీకే తెలియదు.

మెల్లగా గాలిలోకి తిప్పుతూ పైజత, కిందిజత ఒకేసారి లేస్తున్నాయో లేదో చూడండి. పైది ముందు లేస్తే జిబ్ పైభాగం మరీ తెరుచుకుందని అర్థం. జిబ్‌షీట్ దూరి వెళ్లే లీడ్‌ను (తాడుకు దారి చూపే వలయం) ఒక రంధ్రం ముందుకు జరపాలి. కిందిది ముందు లేస్తే వెనక్కి. సరైన రంధ్రం దొరికాక పక్కన మార్కర్‌తో గీత గీయండి. గుర్తుంటుందిలే అనుకుంటాం, వారం తిరిగేసరికి మర్చిపోతాం.

మెయిన్ తెరచాపకు పోగు వెనక అంచున, పై బద్దె (తెరచాపలో దూర్చిన పలచటి పట్టీ) దగ్గర ఒకటి సరిపోతుంది. అది ఎక్కువసేపు ఎగురుతూ, అప్పుడప్పుడు తెరచాప వెనక్కి వెళ్లి దాక్కోవాలి. అసలు బయటికే రాకపోతే మెయిన్‌షీట్ కొంచెం వదలండి.

గాలి విసురు తగిలినప్పుడు వరస ఇది: ముందు మెయిన్‌షీట్ వదలడం, వెంటనే ఇద్దరూ ఎగువ వైపుకు బయటికి వాలడం, పడవ నిటారు కాగానే మళ్లీ లాగడం. ముందు ఒరగనిచ్చి తర్వాత వదిలితే ఆలస్యమైనట్టే.

ఇప్పుడు మాట సంగతి. రెండేళ్ల కిందట ఒక ఆదివారం, గాలి పక్క నుంచి వీస్తోంది, పడవ బాగా పోతోంది. నల్లమచ్చ వచ్చి తగిలింది. నేను "వదులు!" అని అరిచాను. ఎవరితో? నాతోనే, నా చేతిలోని మెయిన్‌షీట్ గురించి. ముందు కూర్చున్న కుర్రాడు బుద్ధిమంతుడు, పాపం జిబ్ వదిలేశాడు. జిబ్ పోయింది, మెయిన్ బిగిసే ఉంది. పడవ గిర్రున గాలిలోకి తిరిగి ఒరిగి బోల్తా కొట్టింది. మాస్ట్ కొన అడుగు బురదలో దిగబడింది. సేఫ్టీ బోటు వచ్చి లాగితే తెరచాప పైభాగమంతా నల్లటి బురద. హుస్సేన్‌సాగర్ బురద సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మూడుసార్లు స్నానం చేసినా మా ఆవిడ నన్ను వరండాలోనే కూర్చోమంది.

"అన్నా, నువ్వే కదా వదలమన్నావ్" అన్నాడు వాడు. నిజమే.

ఆ రోజు నుంచి మా పడవలో మాటకు ఒక క్రమం పెట్టుకున్నాం. ముందు తాడు పేరు, తర్వాత పని, చివర ఎంత. "జిబ్, వదులు, బెత్తెడు." "జిబ్, లాగు, రెండు వేళ్లు." మీటర్లు, అంగుళాలు కాకుండా బెత్తెడు, జానెడు అంటే చేతికి వెంటనే అర్థమవుతుంది. విన్నవాడు చేసి, చేసిన మాట తిరిగి చెప్పాలి: "జిబ్ వదిలా." "ఊఁ" అంటే లెక్కలోకి రాదు. ఊఁ కొట్టడం కథలకు. పడవలో ఊఁ అంటే విన్నాడా, చేశాడా, ఆలోచిస్తున్నాడా తెలియదు.

తెలుగులో ఇంకో ప్రమాదం ఉంది, బోల్తా పడితే తప్ప నాకు తట్టలేదు. మన భాషలో వద్దనే ముక్క మాట చివర ఉంటుంది. "వదలకు" అని అరిస్తే ఆ చివరి "కు" గాలికి కొట్టుకుపోతుంది, అవతలివాడికి "వదల" వరకే వినబడుతుంది. వాడు వదిలేస్తాడు. అందుకని పడవలో వద్దని చెప్పే మాటలే వాడకండి. "వదలకు" బదులు "పట్టు". "లాగకు" బదులు "ఆగు". "లేవకు" బదులు "కూర్చో". అలాగే "పైకి" అనే మాట. పుస్తకాల్లో పైకి అంటే గాలి వైపుకు. మనవాడు పైకి అనగానే లేచి నిలబడతాడు, బూమ్ (మెయిన్ తెరచాప కింది అంచు కర్ర) తలకు తగులుతుంది. దానికి మనకు మంచి మాటలు ఉండనే ఉన్నాయి: ఎగువ, దిగువ. కాలవకు, ఏటికి వాడినట్టే గాలికీ వాడండి.

మర్యాద సంగతి కూడా తేల్చుకోవాలి. మా క్లబ్‌లో చుక్కాని పట్టే అమ్మాయికి ఇరవై రెండేళ్లు, జిబ్ పట్టే ఆయన బ్యాంకులో రిటైరయ్యారు. "అంకుల్, కొంచెం జిబ్ వదులుతారా ప్లీజ్" అనేలోపు విసురు వచ్చి వెళ్లిపోతోంది. ఆయనే ఒకరోజు చెప్పారు: "అమ్మా, నీళ్లలో నువ్వు అనేయ్. ఒడ్డుకొచ్చాక టీ ఇప్పించి మీరు అను." ఇప్పుడది అందరికీ రివాజైంది.

పని పంచుకున్నట్టే చూపూ పంచుకోండి. వెనకవాడి కళ్లు జిబ్ పోగుల మీద. ముందువాడి కళ్లు నల్లమచ్చల మీద, జిబ్ చాటున దాగిన పడవల మీద. గాలి వచ్చేటప్పుడు ముందువాడు లెక్కపెట్టాలి: "విసురు... మూడు, రెండు, ఒకటి." ఒకటి దగ్గరే వెనకవాడి చెయ్యి వదలడం మొదలుపెట్టాలి. ట్యాక్ చేసేటప్పుడు, అంటే పడవ ముక్కును గాలి మీదుగా రెండో వైపుకు తిప్పేటప్పుడు, "తిప్పుదామా?" అంటే, ముందువాడు జిబ్‌షీట్‌ను క్లీట్ (తాడును పట్టి ఉంచే బిగింపు) లోంచి తీసి, వెళ్లబోయే వైపు చూసి, అప్పుడు "రెడీ" అనాలి. ఆ తర్వాతే "తిప్పుతున్నా."

ఎదుటి పడవతో మాత్రం తెలుగు వద్దు. ఈ నీళ్లలో పంజాబ్ నుంచి, కేరళ నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. గాలి మీకు కుడివైపు నుంచి, వాళ్లకు ఎడమవైపు నుంచి తగులుతుంటే దారి ఇవ్వాల్సింది వాళ్లు. "స్టార్‌బోర్డ్!" (కుడివైపు) అని గట్టిగా ఒక్కమాట. వినలేదనిపిస్తే హక్కు గురించి ఆలోచించకుండా తప్పుకోండి.

చేతి సైగల్లో ఒకటి తప్పనిసరి. రెండు చేతులూ పక్కలకు చాపి మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే సాయం కావాలని, అది ప్రపంచమంతటా చెల్లే గుర్తు. బుద్ధ విగ్రహం దగ్గరకు వెళ్లే లాంచీల్లోంచి పిల్లలు చేతులూపుతారు, మనకూ ఊపాలనిపిస్తుంది. ఊపండి, ఒక్క చేత్తోనే. ఒకసారి మావాడు సరదాగా రెండు చేతులూ ఊపితే సేఫ్టీ బోటు పరుగున వచ్చింది. డ్రైవర్ మొహం చూడాలి.

షెడ్ గోడమీది నల్లబల్ల మీద తెరచాప నంబరు, ఎందరు, ఎన్నింటికి బయల్దేరారు రాయకుండా పడవ నీళ్లలో దించకండి. వచ్చాక కొట్టేయండి. నిరుడు ఒకాయన కొట్టేయకుండా ఇంటికెళ్లి నిద్రపోయాడు, మేం చీకటిపడేదాకా వెతికాం. వాట్సాప్ గ్రూపు ఉంది కదా అంటారు. అందులో గుడ్ మార్నింగ్ పూలగుత్తుల కింద ఆయన మెసేజ్ ఉందో లేదో చూసే ఓపిక ఆ సాయంత్రం ఎవరికీ లేకపోయింది. గ్రూపులో రాయాల్సింది వేరే ఉంది. "ఇవాళ సూపర్ సెయిలింగ్" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. "పడమర గాలి, విసుర్లు ఎక్కువ, లీడ్ నాలుగో రంధ్రం, గుర్రపుడెక్క బండ్ పక్కన గుంపుగా ఉంది" అని రాస్తే రేపు వెళ్లేవాడికి సగం పని తప్పుతుంది.

ఈ వారం మూడు పనులు. పోగులు అంటించండి. గాలి తక్కువగా ఉన్న ఉదయం ఇరవై ట్యాక్‌లు చేయండి, నోట తాడు పేరు, వదులు, లాగు, పట్టు, ఎంత, చేశాక తిరిగి చెప్పే మాట, తిప్పుదామా, రెడీ, తిప్పుతున్నా తప్ప ఇంకోమాట రాకూడదు. తర్వాత చోట్లు మార్చుకుని ఇంకో ఇరవై. చుక్కాని పట్టేవాడు ఒక్కసారైనా ముందు కూర్చుంటే తన అరుపులు ఎలా వినబడుతున్నాయో తెలుస్తుంది.

వచ్చే పాఠం జైబ్, అంటే పడవ వెనకభాగం గాలి మీదుగా పోయేలా తిప్పడం. అక్కడ బూమ్ ఒక వైపు నుంచి రెండో వైపుకు తలల మీదుగా వెళ్తుంది, తల వంచమనడానికి ఒక్క క్షణమే ఉంటుంది. ఆ క్షణంలో ఏ మాట అరవాలో మీ జంట ఇప్పుడే మాట్లాడుకుని ఉంచుకోండి.