పాత ఒంటి గొట్టం షాట్‌గన్ ఎవరు చేశారో, ఎక్కడ పుట్టిందో కనుక్కోవడం ఎలా?

పాత తుపాకీ చేతికి రాగానే అందరూ ముందు చూసేది గొట్టం మీది పేరే. ఆ పేరు కోసం వెతుకుతారు. ఏమీ దొరకదు, లేదా తప్పుడు సమాధానం దొరుకుతుంది. 19వ శతాబ్దం చివర్లో వచ్చిన చవక షాట్‌గన్ల మీద ఉన్న పేరు చాలాసార్లు చేసినవాళ్లది కాదు, అమ్మినవాళ్లది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో పేరు ఆఖర్న వస్తుంది.

ముందు ఖాళీగా ఉందో లేదో చూడండి

మధ్యలో విరిచి తెరిచే రకమైతే పని సులువు. మూతి మనుషులు లేని వైపు ఉంచి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా తెరవండి. లోపల తూటా లేదని కళ్లతో చూడండి.

మూతిలోంచి మందు కూరే రకంతోనే అసలు ప్రమాదం. దాన్ని తెరిచి చూడలేం. పక్కకు నిలబడి, సన్నని చెక్క పుల్లని మూతిలోంచి అడుగు తగిలేదాకా దించండి. మూతి దగ్గర పుల్ల మీద పెన్సిల్‌తో గీత పెట్టి బయటికి తీయండి. గీత మూతికి సమంగా ఉండేలా పుల్లని గొట్టం బయట ఆనించండి. దాని కొస గొట్టం వెనక చివర దాకా, నిపుల్ (క్యాప్ పెట్టే చిన్న మొన) ఉన్న చోటికి రావాలి. అంతకు రెండు మూడు అంగుళాల ముందే ఆగిపోయిందా, లోపల మందు, గుళ్లు ఉన్నట్టే అనుకోండి. నల్లమందు పొడిగా ఉంటే ఎన్నేళ్లయినా అంటుకుంటుంది. మీరు తీయాలని చూడకండి, తుపాకులు బాగుచేసేవాళ్లకి చెప్పండి. పాత తుపాకీకైనా లైసెన్స్ కావాలా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది, అదీ కనుక్కోండి.

ఏ రకమో చూస్తే కాలం తెలుస్తుంది

నిపుల్ మీద క్యాప్ (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న టోపీ) పెట్టి పేల్చే తుపాకులు 19వ శతాబ్దం మొదటి సగంలో వ్యాపించాయి. గొట్టం వెనక అంచులో చిన్న గాడి ఉంటే అది పిన్‌ఫైర్, అంటే పక్కకి మేకు పొడుచుకొచ్చే తూటాల కాలం నాటిది. పారిస్‌లో లెఫోషూ అనే తుపాకుల తయారీదారు 1830లలో తెచ్చిన పద్ధతి అది. అడుగు మధ్యలో ప్రైమర్ (దెబ్బ తగిలితే మందు అంటించే చిన్న బిళ్ల) ఉండే తూటా పట్టేదైతే ఇంకా తర్వాతిది.

గొట్టం మీద సుడులు తిరిగిన చారలు కనిపిస్తే అది ట్విస్ట్ లేదా డమాస్కస్ గొట్టం. ఇనుము, ఉక్కు పట్టీలను కాల్చి, చుట్టి, అతికి చేసింది. అది నల్లమందు కాలం నాటి పని. ఇప్పటి తూటాలు అందులో పెట్టి పేల్చకూడదు.

గొట్టం అడుగున ముద్రలు వెతకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ముందు చేతి కింద ఉండే చెక్కని తీసి, గొట్టాన్ని విడదీసి, తిరగేయండి. తూటా కూర్చునే భాగం అడుగున, దానికి ఆనే ఇనప భాగం మీద చిన్న చిన్న ముద్రలు ఉంటాయి. టార్చ్ నేరుగా కాకుండా పక్కనుంచి, దాదాపు పడుకోబెట్టి వెలుగు వేయండి. అరిగిపోయిన గీతలు కూడా నీడతో పైకి తేలతాయి. ఇంకా కనిపించకపోతే సుద్దముక్క మెల్లగా రుద్ది, పైపైన తుడవండి. గాడిలో మిగిలిన తెలుపే అక్షరం అవుతుంది. ఇసుక కాగితం మాత్రం వద్దు. ఒక్కసారి రుద్దితే ఆ తుపాకీ పుట్టుక గురించిన సాక్ష్యం పోతుంది.

ఈ ముద్రలు ప్రభుత్వం గుర్తించిన పరీక్షశాలల్లో మామూలుకన్నా ఎక్కువ మందుతో పేల్చి చూసి కొట్టినవి. గుడ్డు ఆకారంలో ఈ, ఎల్, జీ అక్షరాలు, కింద నక్షత్రం ఉంటే అది బెల్జియంలోని లియేజ్. ఆ గుడ్డు మీద కిరీటం ఉంటే 1893 నుంచి తర్వాతిది, లేకపోతే అంతకు ముందుది. కిరీటం కింద అడ్డంగా దాటిన రెండు రాజదండాలు, వాటి మధ్య అక్షరాలు ఉంటే 1813లో మొదలైన బర్మింగ్‌హామ్ పరీక్షశాలది, 1904కి ముందు వాడిన గుర్తు. కిరీటం కింద జీ, పీ ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటే లండన్. కిరీటం కింద యూ ఉంటే జర్మనీ, 1891 చట్టం తర్వాతిది.

ఒక్క ముద్ర కూడా లేదనుకోండి, నిరాశపడకండి. అమెరికాలో అలాంటి ప్రభుత్వ పరీక్ష తప్పనిసరి కాదు. కాబట్టి ముద్రలు లేకపోవడం కూడా ఒక ఆధారమే.

పక్కనున్న 12, 16 లాంటి అంకెలు గొట్టం కొలతలు. అరకిలోకి కాస్త తక్కువైన ఒక పౌను సీసంతో ఆ గొట్టానికి సరిపోయే గుండ్లు ఎన్ని వస్తాయో ఆ అంకె. బెల్జియం తుపాకుల మీద 18.2 లాంటి అంకె కూడా ఉంటుంది, అది మిల్లీమీటర్లలో గొట్టం వ్యాసం. ఇవి చూసి సీరియల్ నంబర్ అనుకోకండి. అమెరికాలో 1968 చట్టం వచ్చేదాకా చాలా చవక షాట్‌గన్లకి సీరియల్ నంబరే ఉండేది కాదు.

పక్కకి తెరుచుకునే మూత ఉంటే

గొట్టం వెనక మూత పక్కకి మడిచేలా ఉండి, మిగతాదంతా సైనికుల తుపాకీలా కనిపిస్తే అది బహుశా "జులు" అని పిలిచే రకం. ఫ్రాన్స్ సైన్యం వదిలించుకున్న పాత తుపాకుల్ని షాట్‌గన్లుగా మార్చి అమ్మారు. దానికి రెండు పుట్టుకలు: లాక్ (పక్కనుండే పేల్చే యంత్రం) మీద ఫ్రెంచ్ ఆయుధశాల పేరు, గొట్టం మీద లియేజ్ ముద్ర ఉండొచ్చు. రెండూ నిజమే.

ఇప్పుడు పేరు చదవండి

ముద్ర లియేజ్‌ది, పేరు ఇంగ్లీషువాళ్లది అయితే ముద్రనే నమ్మండి. బర్మింగ్‌హామ్‌లో వెస్ట్‌లీ రిచర్డ్స్ అనే పెద్ద సంస్థ ఉంది. ఆ పేరు గుర్తొచ్చేలా "డబ్ల్యూ. రిచర్డ్స్" అని బెల్జియంలో ఎన్నో చవక తుపాకుల మీద కొట్టారు. "లండన్ ఫైన్ ట్విస్ట్" అన్న మాటలు కూడా లండన్‌లో చేశారనడానికి రుజువు కావు. బెల్జియం అని ఇంగ్లీషులో రాసి ఉంటే, అమెరికాకి వచ్చే సరుకు మీద దేశం పేరు ఉండాలన్న 1890 చట్టం తర్వాతిది కావచ్చు.

అమెరికా తుపాకీ అనిపిస్తే ఊరి పేరు చూడండి. వూస్టర్ అయితే హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్, చికోపీ ఫాల్స్ అయితే స్టీవెన్స్, నార్విచ్ అయితే క్రెసెంట్ లేదా హాప్కిన్స్ అండ్ అలెన్ నుంచి మొదలుపెట్టండి. క్రెసెంట్ డజన్ల కొద్దీ దుకాణాల పేర్లతో తుపాకులు చేసి ఇచ్చింది. పేటెంట్ తేదీ ఉంటే తుపాకీ ఆ తేదీ తర్వాతిది, అంతే. అది చేసిన సంవత్సరం కాదు.

ముద్ర, పేరు రెండూ ఇంగ్లండ్‌వే అయి, వీధి చిరునామా కూడా చెక్కి ఉంటే మీ అదృష్టం. ఆ దుకాణం ఆ వీధిలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉందో పాత డైరెక్టరీల్లో చూస్తే కాలం బాగా తగ్గించుకోవచ్చు. పర్డీ సంస్థ 1826 నుంచి లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఉండి, 1880ల మొదట్లో సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌కి మారింది. గొట్టం మీద ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ అని ఉంటే ఆ మధ్య కాలంలోనే వెతకాలి.